సాంబ్రాణి బిళ్లలాంటి సూపర్‌కండక్టర్: 11,800 రూపాయల కిట్ మీద నా రివ్యూ

ఈ కిట్ కొని రెండు నెలలు దాటింది. రివ్యూ ఇంత ఆలస్యం ఎందుకయ్యిందంటే మొదటి మూడు వారాలు నాకు లిక్విడ్ నైట్రోజనే దొరకలేదు, అది లేకుండా డబ్బాలో ఉన్న నల్ల బిళ్ల పేపర్ వెయిట్‌కి తప్ప ఎందుకూ పనికిరాదు. సూపర్‌కండక్టర్ అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకి నిరోధం పూర్తిగా పోయి, అయస్కాంతాన్ని గాల్లో తేల్చే పదార్థం. ఈ ముక్క అమ్మేవాళ్లు ముందే చెప్పరు. "ఇంట్లోనే సూపర్‌కండక్టివిటీ చూడండి" అని పెద్ద అక్షరాల్లో వేసి, "లిక్విడ్ నైట్రోజన్ విడిగా తెచ్చుకోవాలి" అన్నది మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి డబ్బాలు అమ్మేవాళ్లు చాలామంది ఒకే చోట నుంచి సరుకు తెచ్చి తమ స్టిక్కర్ అంటిస్తారని నా అనుమానం, కాబట్టి పేరు చెప్పినా చెప్పకపోయినా తేడా ఏమీ ఉండదు.

నేను వైజాగ్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి "ఇదిగో అయస్కాంతం ఇలా తేలుతుంది" అని చెప్పడమే గానీ ఒక్కసారీ చూపించింది లేదు. ఆ సిగ్గుతోనే ఈసారి సొంత డబ్బు పెట్టాను, జీఎస్టీతో కలిపి 11,800. ఇంట్లో వేరే లెక్క చెప్పాను, అది ఇక్కడ అనవసరం.

డబ్బాలో వచ్చినవి: వేలి మందం ఉన్న నల్లటి బిళ్ల ఒకటి, రెండు నియోడిమియం అయస్కాంతాలు, థర్మోకోల్ గిన్నె, ప్లాస్టిక్ పట్టకారు, అయస్కాంతాలు వరసగా అతికించిన గుండ్రటి ట్రాక్, ఎనిమిది పేజీల పుస్తకం. ప్యాకింగ్ మాత్రం దారుణం. బిళ్ల పింగాణీ లాంటిది, కిందపడితే పగిలిపోతుంది, దాన్ని ఒక పొర బబుల్ షీట్‌లో చుట్టి పంపించారు. నాది అంచున కొద్దిగా చెక్కు లేచి వచ్చింది. ఫోటో పంపిస్తే "పనితీరుకి ఇబ్బంది లేదు సార్" అన్నారు. ఇబ్బంది లేని మాట నిజమే, కానీ అది చెప్పాల్సింది నేను కదా.

వచ్చిన రోజు సాయంత్రమే మా అమ్మ దాన్ని సాంబ్రాణి బిళ్ల అనుకుని దేవుడి గదిలో పెట్టేసింది. అగ్గిపుల్ల గీసే లోపు నేను చూశాను కాబట్టి సరిపోయింది.

ఇక నైట్రోజన్ సంగతి. ఆటోనగర్‌లో ఒక గ్యాస్ డీలర్ దగ్గరికి వెళ్తే పది లీటర్లకి తక్కువ పొయ్యం, డబ్బా మీరే తెచ్చుకోవాలి అన్నాడు. ఆ డబ్బా, అంటే ఆ వాక్యూమ్ గోడల క్యాన్, కొనాలంటే కిట్ ఖరీదు దాటిపోతుంది. చివరికి దారి చూపించింది మా బావమరిది. ఆనందపురం వైపు గోపాలమిత్రగా చేస్తాడు. పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే వీర్యపు స్ట్రాలన్నీ నిల్వ ఉండేది లిక్విడ్ నైట్రోజన్‌లోనే, కాబట్టి ఊళ్లలో ఆ క్యాన్ కొత్త వస్తువేమీ కాదు. తన దగ్గర వాడకుండా పడి ఉన్న పాత మూడు లీటర్ల క్యాన్ ఇస్తూ "ఏటి బావా, ఆవుల క్యాన్‌తో పిల్లలకి పాఠాలేటి?" అని నవ్వాడు గానీ, మూత ఎప్పుడూ బిగించొద్దని, గాలి ఆడే చోటే పెట్టమని, చెప్పుల్లోకి చుక్క పడితే వెంటనే చెప్పు విప్పేయమని, ఆ పుస్తకం ఎనిమిది పేజీల్లో చెప్పని జాగ్రత్తలన్నీ రెండు నిమిషాల్లో చెప్పాడు. ద్రవం ఆవిరైతే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది, మూత బిగిస్తే అది బాంబే. క్యాన్ చూసాక డీలర్ కూడా మెత్తబడి మూడు లీటర్లకి 300 తీసుకుని పోశాడు. కారులో ఏసీ వేసుకుని అద్దాలు మూసుకుని తేవద్దు, నేను ఆటోలోనే తెచ్చాను.

మొదటి ప్రయోగం మా మేడ మీద, ఆదివారం పొద్దున్న. థర్మోకోల్ గిన్నెలో బిళ్ల పెట్టి నైట్రోజన్ పోస్తే వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు గోల గోలగా మరిగి, ఒకటిన్నర నిమిషానికి సద్దుమణిగింది. అంటే బిళ్ల మైనస్ 196 డిగ్రీలకి, అంటే మైనస్ 273ని సున్నాగా లెక్కపెట్టే కొలతలో 77 కెల్విన్‌కి దిగిందన్నమాట. పట్టకారుతో అయస్కాంతం తెచ్చి పైన వదిలితే బియ్యపు గింజ నిలబెట్టినంత ఎత్తులో ఆగిపోయింది. వేలితో తడితే గిర్రున తిరుగుతూనే ఉంది. బోర్డు మీద వందసార్లు గీసినవాణ్ని నేనే నోరు తెరుచుకుని చూస్తుంటే, పిల్లల సంగతి చెప్పేదేముంది.

అసలు మజా రెండోసారి. ఈసారి బిళ్ల చల్లబడక ముందే పైన చిన్న అట్టముక్క, దాని మీద అయస్కాంతం పెట్టి, అప్పుడు నైట్రోజన్ పోశాం. చల్లబడ్డాక అట్ట లాగేస్తే అయస్కాంతం ఎక్కడుందో అక్కడే ఇరుక్కుపోయింది. అయస్కాంతాన్ని పట్టుకుని పైకెత్తితే బిళ్ల కూడా లేచి వచ్చింది, మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. తలకిందులు చేసినా ఊడిపడలేదు.

పుస్తకం మీద నా మొదటి కంప్లయింట్ ఇక్కడే. ఈ రెండింటికీ కలిపి "మైస్నర్ ప్రభావం" అని ఒకే పేరు రాసి వదిలేశారు. 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ కనిపెట్టింది సూపర్‌కండక్టర్ అయస్కాంత క్షేత్రాన్ని తన లోపలి నుంచి బయటికి నెట్టేస్తుందని. నెట్టడం వల్ల పైన తేలుతుంది సరే, కింద వేలాడేది ఎలా? ఈ జాతి బిళ్లల్లోకి క్షేత్రం సన్నటి దారాల్లాగా కొంత దూరిపోతుంది, ఆ దారాలు లోపలి లోపాల దగ్గర మేకు కొట్టినట్టు ఇరుక్కుపోతాయి, దాన్నే ఫ్లక్స్ పిన్నింగ్ అంటారు. వేలాడదీసేది అదే. 11,800 తీసుకున్నవాళ్లు ఒక పేరా ఎక్కువ రాయలేరా?

రెండో కంప్లయింట్ వైజాగ్ వాళ్లకి ముఖ్యం. మన ఉక్కపోత ఈ బిళ్లకి పడదు. గిన్నెలోంచి తీయగానే గాల్లోని తేమంతా దాని మీద మంచులా పేరుకుంటుంది, వేడెక్కాక అది నీళ్లవుతుంది, ఈ రకం పదార్థం నీళ్లతో చర్య జరిపి పైన తెల్లటి పూత కడుతుంది. నాలుగో ఆదివారానికి నా బిళ్ల విభూతి రాసుకున్నట్టు తయారైంది, తేలే ఎత్తు కూడా తగ్గినట్టే అనిపించింది. ఇప్పుడేం చేస్తున్నానంటే, నైట్రోజన్‌లోంచి తీసిన వెంటనే జిప్ కవర్లో వేసి గాలి నొక్కేసి మూసేస్తున్నాను, పూర్తిగా మామూలు వేడికి వచ్చాక బయటికి తీసి హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన సీసాలో పెడుతున్నాను. ఏ ఎడారి దేశంలోనో రాసిన పుస్తకంలో ఇవేవీ లేవు.

ఇంతవరకూ అయితే మామూలు రివ్యూనే. కానీ ఈ కిట్ నన్ను పట్టుకున్నది వేరే చోట. డబ్బా అడుగున చిన్న స్టిక్కర్ మీద పదార్థం పేరు ఉంది: గ్యాడోలినియం బేరియం కాపర్ ఆక్సైడ్. మా సెకండియర్ అమ్మాయి ఒకత్తె అది చదివి "సార్, పుస్తకంలో అయస్కాంతానికీ సూపర్‌కండక్టర్‌కీ బద్ధశత్రుత్వం అని రాశారు కదా, గ్యాడోలినియం అయస్కాంత లోహం కదా, మరి అది ఇందులో ఏం చేస్తోంది?" అంది. ఆ రోజు "రేపు చెప్తానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ రేపు రావడానికి పది రోజులు పట్టింది.

గ్యాడోలినియం నిజంగానే అయస్కాంత లోహం. కాకపోతే దాని అయస్కాంత గుణం 20 డిగ్రీల దగ్గరే పోతుంది, కాబట్టి వైజాగ్‌లో దాని ముక్క ఫ్రిజ్‌లోంచి తీయగానే ఇనుములా అంటుకుంటుంది, బయట వరండాలో వేడెక్కాక ఆ పట్టు బాగా తగ్గిపోతుంది. కిట్‌లో అది కూడా ఒక ముక్క ఇస్తే ఎంత బాగుండేది.

శత్రుత్వం ఎక్కడిదంటే, సూపర్‌కండక్టర్‌లో కరెంటు మోసేది ఎలక్ట్రాన్ల జంటలు. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పిన లెక్క ప్రకారం మామూలు జంటలో ఇద్దరి స్పిన్‌లూ (ఎలక్ట్రాన్ బుల్లి అయస్కాంతంలా చూపే దిశ) ఎదురెదురు, ప్రయాణాలూ ఎదురెదురు. కోలాటంలో జంట ఎదురెదురుగా నిలబడి కర్రలు కలిపినట్టు. ఫెర్రో అయస్కాంతం, అంటే ఇనుము లాంటిది, అరకు థింసా, అందరూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఒకే వైపు తిరగాల్సిందే. కోలాటం మధ్యలోకి థింసా వాళ్లొచ్చి "అందరూ ఇటే తిరగండి" అంటే జంటలు ఎక్కడ నిలుస్తాయి? 1958లో లాంథనం అనే సూపర్‌కండక్టర్ లోహంలో నూటికి ఒక పాలు గ్యాడోలినియం కలిపితే చాలు, సూపర్‌కండక్టివిటీ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మథియస్, సూల్, కోరెన్జ్‌విట్ చేసిన ప్రయోగం అది.

ఇప్పుడు మా సెకండియర్ అమ్మాయి ప్రశ్నకి రండి. నా బిళ్లలో ప్రతి పదమూడు పరమాణువుల్లో ఒకటి గ్యాడోలినియం, అంటే నూటికి ఏడు పాళ్ల పైనే. అక్కడ ఒక్క పాలుకే చచ్చిపోయింది, ఇక్కడ ఏడు పాళ్లున్నా 90 కెల్విన్ పైనే హాయిగా పనిచేస్తోంది! 1987లో వూ, చూ బృందాలు కనిపెట్టిన ఈ జాతి మొదటి పదార్థంలో అయస్కాంత గుణం లేని ఇట్రియం ఉండేది. దాని బదులు గ్యాడోలినియం పెడితే పాడైపోతుందనే ఎవరైనా అనుకుంటారు, కానీ పెద్ద తేడా రాలేదు. కారణం ఇల్లు కట్టిన తీరు. జంటలు తిరిగేది రాగి, ఆక్సిజన్ పొరల్లో. గ్యాడోలినియం ఆ పొరల మధ్య సందులో కూర్చుంటుంది, దాని అయస్కాంతపు ఎలక్ట్రాన్లు లోపల్లోపలే ముడుచుకుని ఉంటాయి, పొరల్లోని జంటలతో వాటికి పలకరింపు కూడా ఉండదు. ఆఖరికి 2.2 కెల్విన్ దగ్గర అవి ఒకటి పైకి ఒకటి కిందికి యాంటీఫెర్రో పద్ధతిలో సర్దుకుంటాయి, అప్పుడూ సూపర్‌కండక్టివిటీ చెక్కుచెదరదు. అదే స్థానంలో ప్రసియోడిమియం పెట్టండి, మామూలుగా తయారుచేస్తే అది సూపర్‌కండక్టర్ అవ్వదు. దాని ఎలక్ట్రాన్లు పక్కనున్న ఆక్సిజన్‌తో కలిసిపోతాయి, గొడవంతా అక్కడే.

ఇంకో మెలిక. ఈ జాతి పదార్థంలో ఆక్సిజన్ తగ్గిస్తే రాగి పొరలే స్వయంగా యాంటీఫెర్రో అయస్కాంతం అయిపోతాయి, వాటిలోంచి కరెంటు పారదు. ఆక్సిజన్ ఎక్కిస్తే ఆ క్రమం కరిగి సూపర్‌కండక్టర్ పుడుతుంది. అంటే అయస్కాంతం శత్రువని చెప్పిన పుస్తకం, అయస్కాంతం పక్కింట్లోనే పుట్టిన బిళ్లని డబ్బాలో పెట్టి పంపిందన్నమాట. ఈ రాగి జాతిలో జంటలు కట్టించేది ఆ అయస్కాంత అల్లరే అని నమ్మేవాళ్లు చాలామంది, ఇంకా ఒక మాట మీదకి రాలేదు.

ఇలాంటి వింత కాపురాలు చాలానే ఉన్నాయి. ఎర్బియం రోడియం బోరైడ్ ఉంది, 8.7 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది, ఇంకా చల్లబరిస్తే 0.9 దగ్గర ఫెర్రో అయస్కాంతమై ఆ గుణాన్ని పోగొట్టుకుంటుంది, ఇది 1977 నాటి సంగతి. మన ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో నాగరాజన్, చందన్ మజుందార్ వాళ్లు 1994లో ప్రకటించిన ఇట్రియం నికెల్ బోరాన్ కార్బన్ పదార్థం 12 కెల్విన్ దగ్గర పనిచేసింది. తర్వాత ఆ కుటుంబంలోనే యాంటీఫెర్రో, సూపర్‌కండక్టివిటీ కలిసి బతికే అన్నదమ్ములు బయటపడ్డారు. 2000లో అయితే యురేనియం జెర్మేనియం పదార్థంలో, బాగా ఒత్తిడి పెడితే, ఫెర్రో అయస్కాంతం లోపలే సూపర్‌కండక్టివిటీ కనిపించింది, అక్కడ జంటలోని ఇద్దరూ ఒకే వైపు తిరిగి ఉంటారని అర్థం చేసుకుంటున్నారు. థింసా ఆడుతూనే జంట కట్టడం! ఎనిమిది పేజీల్లో రెండు పేజీలు కంపెనీ గొప్పలకి ఇచ్చారు, ఇందులో ఒక్క ముక్కకీ చోటివ్వలేదు.

మూడో కంప్లయింట్ చివరి పేజీ. "నేటి పరిశోధన" అని హెడ్డింగ్ పెట్టి, ఆల్టర్‌మాగ్నెట్ అనే కొత్త రకం అయస్కాంతం వచ్చిందని, ఉదాహరణకి రుథీనియం ఆక్సైడ్ అని ఒక్క వాక్యం పడేశారు. ఆ ఉదాహరణే తప్పుడు ఎంపిక. ఈ పేరు ప్రచారంలోకి తెచ్చింది ష్మేయ్‌కల్, సినోవా, యుంగ్‌విర్త్ 2022లో రాసిన పేపర్లు, అప్పట్లో రుథీనియం ఆక్సైడే హీరో. కానీ 2024లో మ్యూయాన్లు, న్యూట్రాన్లు అనే, లోపలి అయస్కాంతాన్ని పసిగట్టే కణాలతో వెతికితే ఆ స్ఫటికంలో అయస్కాంత క్రమమే కనిపించలేదు. అదే ఏడాది మాంగనీస్ టెల్యూరైడ్‌లో మాత్రం ఎలక్ట్రాన్ శక్తుల చీలికని నేరుగా చూశారు. వేస్తే దాని పేరు వేయాల్సింది.

అసలు ఆల్టర్‌మాగ్నెట్ అంటే ఏమిటో పుస్తకం చెప్పలేదు కాబట్టి, నేను క్లాసులో చెప్పిన పద్ధతిలో చెప్తాను. స్పిన్ పైకి ఉన్న ఎలక్ట్రాన్ స్కూటర్, కిందికి ఉన్నది కారు అనుకోండి. జంట కట్టాలంటే ఒక స్కూటరు, దానికి సరిగ్గా ఎదురు దిక్కులో ఒక కారు, ఇద్దరి వేగమూ సమానంగా ఉండాలి. ఫెర్రోలో ఊళ్లో ఏ రోడ్డైనా స్కూటర్లకే దారి, కార్లు ఈడుస్తాయి, జత కుదరదు. మామూలు యాంటీఫెర్రోలో ఏ రోడ్డైనా ఇద్దరికీ సమానమే, గొడవ లేదు. ఆల్టర్‌మాగ్నెట్ ఊళ్లో బీచ్‌కి వెళ్లే రోడ్డు మీద, పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా, స్కూటర్లకి దారి, దానికి అడ్డంగా ఉన్న రోడ్డులో కార్లకి దారి, ఐమూల సందుల్లో ఇద్దరికీ సమానం. ఊరు మొత్తం లెక్కేస్తే ఎవరికీ పక్షపాతం లేదు, అంటే బయటికి అయస్కాంత క్షేత్రం సున్నా, ఇనప ముక్కని కూడా లాగదు. కానీ ఏ ఒక్క పెద్ద రోడ్డు మీద చూసినా స్కూటరు, కారు వేగం కలవదు, అక్కడ జంట విడిపోతుంది. విడిపోకుండా ఉండాలంటే జంట మొత్తంగా ఒక వైపు కొంచెం జరుగుతూ పోవాలి. ఇలాంటి జరిగే జంటల ఆలోచన 1964 నాటిదే, ఫుల్డె, ఫెరెల్ ఒకవైపు, సోవియట్‌లో లార్కిన్, ఒవ్‌చిన్నికోవ్ ఇంకోవైపు విడివిడిగా చెప్పారు. అప్పట్లో దానికి పెద్ద క్షేత్రం పెట్టాలి. ఇప్పుడు ఆల్టర్‌మాగ్నెట్‌లో క్షేత్రం లేకుండానే అది రావచ్చని లెక్కలు చెప్తున్నాయి.

రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పలచటి ఫెర్రో పొర పెడితే, తగిన మందంలో, ఉష్ణోగ్రతని బట్టి ఆ అతుకులో, అంటే జంక్షన్‌లో, కరెంటు గుర్తు (ప్లస్, మైనస్) తలకిందులవుతుందని రియాజనోవ్ బృందం 2001లో రాగి నికెల్ మిశ్రమంతో చూపించింది. ఆల్టర్‌మాగ్నెట్ పెట్టినా అలాగే జరగాలని 2023లో నార్వే వాళ్లు లెక్క కట్టారు, బయటికి క్షేత్రం కారదు కాబట్టి పక్క సర్క్యూట్‌ని పాడుచేయదు, అదీ దీని మీద ఆశ. నాకు అన్నిటికంటే నచ్చింది 2006 నాటి ప్రయోగం. క్రోమియం డయాక్సైడ్‌లో కరెంటు మోసే ఎలక్ట్రాన్లన్నీ ఒకే స్పిన్, అందులోంచి ఎదురెదురు జంట దూరడం అసాధ్యం, అయినా సూపర్‌కరెంటు చాలా దూరం పోయింది, ఎందుకంటే దారిలో జంటలు ఒకే వైపు తిరిగిన జంటలుగా మారిపోయాయి. ఆ క్రోమియం డయాక్సైడ్ ఏమిటనుకున్నారు? పూర్ణా మార్కెట్‌లో కొనుక్కున్న క్రోమ్ టేపు క్యాసెట్ల మీది పూత! ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసులో ఎవరికీ ఏమీ అనిపించలేదు, క్యాసెట్ అంటే ఏమిటో తెలియని పిల్లలు.

నిజం చెప్పాలంటే ఈ కిట్‌తో ఇవేవీ చేయలేం. నా మేడ మీద 77 కెల్విన్ కంటే కిందికి దిగే దారి లేదు, పైన చెప్పిన కాపురాల్లో చాలావరకు హీలియం చల్లదనంలో జరిగేవి. నిరోధం కొలవడానికి నాలుగు తీగలు అతికించిన బిళ్ల ఇంకో మోడల్‌లో ఉందట, దానికి ఇంకో ఆరు వేలు. అది కొనే ఉద్దేశం ఉంటే మొదటే అది కొనండి, తేలడం చూసిన పిల్లలు వెంటనే అడిగేది "నిరోధం సున్నా అని ఎలా తెలుసు సార్" అనే.

ట్రాక్ సంగతి మర్చిపోయాను. బిళ్ల దాని మీద రైలులా తిరగాలి. నాది రెండు చుట్లు తిరిగి అయస్కాంతాల అతుకు దగ్గర ప్రతిసారీ ఆగిపోయింది, ఒక అయస్కాంతం కొద్దిగా వాలి ఉంది. ఫెవిక్విక్‌తో సరిచేసుకున్నాం. మా కుర్రాళ్లకి అన్నిటికంటే అదే నచ్చింది.

5కి 3.5 ఇస్తాను. బిళ్లకి, అయస్కాంతాలకి పూర్తి మార్కులు, అవి చెప్పిన పని చేశాయి. పుస్తకానికి ఒకటి తగ్గించాను, ప్యాకింగ్‌కి అర. ఒక్కరే కొనుక్కోకండి, కాలేజీలో నలుగురు కలిసి కొనండి, నైట్రోజన్ ఎక్కడ దొరుకుతుందో ఖాయం చేసుకున్నాకే ఆర్డర్ పెట్టండి, ఊళ్లో గోపాలమిత్ర ఎవరైనా తెలిస్తే సగం పని అయినట్టే. వేసవిలో కాకుండా డిసెంబరు, జనవరిలో చేస్తే తేమ గోల కాస్త తగ్గుతుంది.

మా బావమరిది నిన్న ఫోన్ చేశాడు, క్యాన్ ఎప్పుడిస్తావని. ఇంకో ఆదివారం ఉంచుకోనీ అన్నాను. బిళ్ల సీసా మీద మా అమ్మే చీటీ రాయించి అంటించింది, "ఇది సాంబ్రాణి కాదు" అని.